మిల్లులో టచ్ స్క్రీన్ నల్లబడిందా? డిస్‌ప్లే ఆర్డర్ పెట్టేముందు ఇవి చూడండి

ధాన్యం సీజన్లో మన నరసన్నపేట, టెక్కలి, రాజాం సైడు మిల్లులు రాత్రీ పగలూ ఆడతుంటాయి, సరిగ్గా అప్పుడే సార్టెక్స్ (బియ్యంలో రంగు మారిన గింజలు ఏరే మెషీన్) మీదదో డ్రయ్యర్ ప్యానెల్ మీదదో టచ్ స్క్రీన్ నల్లబడతాది. వెంటనే ఎవరో ఒకరు "డిస్‌ప్లే పోయింది, కొత్త హెచ్ఎంఐ తెప్పించేయండి" అంటారు, ఓనర్ గారు వైజాగ్‌కి ఫోన్ కొడతారు. హెచ్ఎంఐ అంటే మెషీన్ని నడిపే ఆ టచ్ స్క్రీన్ యూనిట్ మొత్తం. కొంచెం ఆగండి. ముందు టచ్ గ్లాసు, దాని వెనక ఎల్‌సీడీ, దానికి బ్యాక్‌లైటు, వెనక బోర్డు, వీటన్నిటికీ 24 వోల్టుల సప్లై, ఇన్ని ఉన్నాయి కదా, ఏది పోయిందో తెలీకుండా డబ్బులు పెట్టకండి.

అన్నిటికంటే ముందు ఒక మాట. స్క్రీన్ నల్లగా ఉందంటే మెషీన్ ఆగిపోయినట్టు కాదు. పీఎల్‌సీ (మోటార్లని నడిపే కంట్రోలర్) దాని పని అది చేసుకుంటూనే ఉంటాది, టచ్ కూడా చాలాసార్లు బతికే ఉంటాది, మీరు పని చేస్తుందా లేదా అని వేలితో పొడిస్తే కనపడని స్టార్ట్ బటన్ పడి ఎలివేటర్ మోటారు తిరిగేయొచ్చు, అక్కడ ఎవరైనా చెయ్యి పెట్టి ఉంటే ఇంకేముంది. అందుకని ముందు ఎమర్జెన్సీ స్టాప్ నొక్కండి, మెయిన్ ఆపి తాళం వెయ్యండి, టెస్ట్ కోసం హెచ్ఎంఐకి ఒక్కదానికే కరెంట్ ఇవ్వండి.

పూర్తిగా నలుపు, హెచ్ఎంఐ మీది పవర్ ఎల్‌ఈడీ కూడా వెలగట్లేదు: సప్లై చూడండి. మీటర్ పెట్టేది ఎస్ఎంపీఎస్ (ఆ 24 వోల్టులు ఇచ్చే పవర్ సప్లై) దగ్గర కాదు, హెచ్ఎంఐ వెనక టెర్మినల్ దగ్గర, అదీ లోడ్ మీద ఉండగా. 24 ఉండాల్సింది 20 కిందకి జారుతుంటే ఎస్ఎంపీఎస్ అలసిపోయింది, లేదా టెర్మినల్ స్క్రూ వదులయ్యింది. తవుడు దుమ్ములో ఎస్ఎంపీఎస్ లోపల కెపాసిటర్లు వేడెక్కి ఉబ్బిపోవడం మామూలే. ఇది తేలితే పని చవకగా అయిపోయినట్టే. సప్లై బాగుండి కూడా వెలగకపోతే లోపలి ఫ్యూజు, బోర్డు చూపించాలి.

నలుపే గానీ ఎల్‌ఈడీ వెలుగుతుంది: లైట్లు ఆపేసి టార్చి ఏటవాలుగా కొట్టి చూడండి, లోపల బొమ్మ మసకగా కనిపిస్తే ఎల్‌సీడీ బాగానే ఉంది, పోయింది బ్యాక్‌లైటు. పాత ప్యానెళ్లలో సన్నటి ట్యూబు ఉంటాది, సీసీఎఫ్‌ఎల్ అంటారు, అలాంటివి చాలావాటికి 50,000 గంటల ఆయుష్షు చెప్తారు, రోజంతా వెలిగితే ఆరేళ్లు కూడా రాదు. అది పోయేముందు మసకబారి ఎర్రగా వస్తాది, మీ ఆపరేటర్‌ని అడగండి, గుర్తుంటాది. ట్యూబుకి కరెంట్ ఇచ్చే ఇన్వర్టర్ మీద వందల వోల్టులు ఉంటాయి, ఆన్‌లో ఉండగా ముట్టుకోవద్దు. ట్యూబులో పాదరసం ఉంటాది, పగలగొట్టి చెత్తలో పడెయ్యకండి.

తెల్లగా వెలిగి బొమ్మ రాకపోతే సిగ్నల్ రావట్లేదు, రిబ్బన్ కేబుల్ వైబ్రేషన్‌కి జారి ఉంటాది, తీసి శుభ్రం చేసి మళ్లీ లాక్ చెయ్యండి. నిలువు గీతలు వచ్చి, అంచు దగ్గర నొక్కితే మారుతుంటే ఎల్‌సీడీ అంచునున్న అతుకు ఊడింది, దానికి రిపేరు లేదు, మార్చడమే.

బొమ్మ బాగుంది, టచ్ ఒక చోట నొక్కితే ఇంకోచోట పడుతుందా? కాలిబ్రేషన్ (నొక్కిన చోటే పడేలా సరిచేసే సెట్టింగ్) చేసి చూడండి. దానంతటదే నొక్కుకుంటుంటే ప్యానెల్ క్లాంపులు కొంచెం లూజ్ చెయ్యండి, మరీ బిగిస్తే ఫ్రేము వంగి గ్లాసుని నొక్కుతాది. అప్పటికీ తగ్గకపోతే ఫోర్ వైర్ టచ్ (నాలుగు తీగలు, రెండు జతలు) అయితే దాని రిబ్బన్ విప్పి కొలవండి, ఒక్కో జతలో వందల ఓముల్లో రావాలి, ఒక జతకీ ఇంకో జతకీ మధ్య ముట్టుకోకుండా ఏమీ రాకూడదు. వస్తే గ్లాసు పోయింది, అదొక్కటీ మార్చుకోవచ్చు.

ఇక ఎల్‌సీడీ మార్చాల్సిందే అని తేలితే, విప్పేముందు ప్రోగ్రాం బ్యాకప్ ఉందా అని అడగండి. హెచ్ఎంఐ నుంచి వెనక్కి తీసుకోడం అన్నిట్లోనూ కుదరదు, మొదట ప్రోగ్రాం అందులోకి ఎక్కించినప్పుడు సోర్స్ (మార్చుకోగలిగే అసలు ఫైల్) కూడా పెట్టి ఉండాలి, కొన్నింటికి పాస్‌వర్డ్ ఉంటాది. ఫైల్ మెషీన్ ఇచ్చినవాళ్ల దగ్గర ఉంటే ఈరోజే పెన్‌డ్రైవ్‌లో అడిగి పెట్టుకోండి.

ఆర్డర్ మాత్రం హెచ్ఎంఐ మోడల్ చూసి పెట్టొద్దు, విప్పి ఎల్‌సీడీ వెనక స్టిక్కర్ మీద నంబర్ చూసి పెట్టండి. ఆ నంబర్ దొరక్కపోతే సైజు ఒక్కటే కాదు, రిజల్యూషన్, పిన్నులు, వోల్టేజీ, కనెక్టర్ ఏ వైపు ఉందో అన్నీ కలవాలి. విప్పేటప్పుడు చేతికి ఎర్త్ స్ట్రాప్ కట్టుకోండి, ప్రతి స్టెప్‌కీ ఫోటో తీసుకోండి. రిబ్బన్ లాగొద్దు, దాని చిన్న లాక్ గోరుతో లేపితే అదే వస్తాది. బ్యాక్‌లైటు కనెక్టర్ వైరు పట్టుకుని కాకుండా ప్లాస్టిక్ పట్టుకుని తియ్యండి. మిల్లులో కాకుండా ఆఫీసు గదిలో, ఫ్యాన్ ఆపి కూర్చోండి, ఎల్‌సీడీకీ టచ్ గ్లాసుకీ మధ్య ఒక్క తవుడు రేణువు చిక్కినా రోజూ కళ్లకి కనపడతానే ఉంటాది.

మూత బిగించేముందు ఒకసారి కరెంట్ ఇచ్చి చూడండి, ఆ తర్వాత కాలిబ్రేషన్. ప్యానెల్లో పెట్టేటప్పుడు రబ్బరు గాస్కెట్ చిరిగితే కొత్తది వెయ్యండి, లేకపోతే దుమ్ము మళ్లీ లోపలికే. లైన్ స్టార్ట్ చేసేముందు ప్రతి పేజీలో స్టాప్ బటన్ సరైన చోటే పడుతుందో లేదో, మోటార్లకి కరెంట్ లేకుండానే నొక్కి చూసుకోండి.