చర్చికి పోతున్నా లోపల సంతోషం లేదా? మళ్ళీ రావాలంటే ఏం చేయాలి?

మా అనంతపురం సైడు చర్చిలో ఎవర్ని పలకరించినా "ప్రభువు కృపలో బాగుండామయ్యా" అంటారు. నేనూ అట్లే అనేవాణ్ణి. కానీ రెండేళ్ళు వరసగా చెనక్కాయ పంట ఎండిపోయి, బ్యాంకు అప్పు అట్లే నిలబడిపోయి, ఆదివారం పాటలప్పుడు నోరు కదిలేదే గానీ లోపల ఏమీ ఉండేది కాదు. అప్పట్నుంచి నేను చేస్తా వచ్చినవి, నాకు నిజంగా పనికొచ్చినవి రాస్తున్నా.

ముందు ఒకటి క్లియర్ చేసుకోండి. బైబిల్ చెప్పే సంతోషం, పనులు బాగా జరిగినప్పుడు వచ్చే ఉషారు రెండూ ఒకటి కాదు. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అని పౌలు ఫిలిప్పీయులకు రాసింది సంకెళ్ళలో ఉండి. గలతీయులకు 5:22 లో ఆత్మ ఫలం అని చెప్తా ప్రేమ తర్వాత రెండో మాటే సంతోషం అన్నాడు. ఫలం కాబట్టి మనం బలవంతంగా కాయించలేం, కానీ కలుపు తీసేది, నీళ్ళు పెట్టేది మన పనే.

స్టెప్ 1: బాధను దేవుని దగ్గర దాచకండి

ఇది చాలామంది దాటేస్తారు, నేనూ దాటేసినా. బైబిల్లో హబక్కూకు ప్రవక్త పుస్తకం 3వ అధ్యాయం చివర చదవండి, మా కరువు చూసి రాసినట్టే ఉంటుంది. అంజూరపు చెట్టు పూయలేదు, ద్రాక్ష కాయలేదు, చేన్లో పైరు పంటకు రాలేదు, దొడ్డిలో గొర్రెల్లేవు, సాలలో పశువుల్లేవు, ఇట్లా పోయినవన్నీ ఒక్కొక్కటే లెక్క చెప్పినాకే 18వ వచనంలో "నేను యెహోవాయందు ఆనందించెదను" అంటాడు. మనమేమో 17 చదవకుండా నేరుగా 18కి దుంకాలని చూస్తాం. తలుపేసుకొని కూర్చోండి, మీ 17వ వచనం ఏందో ఉన్నదున్నట్టు నోటితో చెప్పండి, అప్పు ఎంతో, ఎవరి మాట గుండెలో గుచ్చుకుందో అన్నీ. ఏడుపొస్తే ఏడవండి, కీర్తనల్లో చానా అట్లాంటి ఏడుపులే కదా.

స్టెప్ 2: తెగిపోయిన మాట కలపండి

బలిపీఠం దగ్గర అర్పణ పెట్టేసి పోయి ముందు నీ సహోదరునితో సమాధానపడు అని యేసు ప్రభువే చెప్పినాడు, మత్తయి 5:23, 24. నాకు మా అన్నతో బోరు నీళ్ళ కాడ వచ్చిన గొడవ, ఏడాదిన్నర మాటల్లేవు. ఫోన్ చేసి పెద్దగా ఏం చెప్పలేకపోయినా, "అన్నా, తింటివా" అన్నా. అవతల కొంచేపు సప్పుడు లేదు. "ఇంకా లేదురా, నువ్వు?" అన్నాడు. అంతే. ఆ రాత్రి ప్రార్థనలో గొంతు తడి అయింది. మీకూ అట్లాంటి నంబర్ ఒకటి ఫోన్లో ఉంటే మిగతా స్టెప్పులకంటే ముందు అదే చేయండి.

స్టెప్ 3: థాంక్స్ చిన్న చిన్నవాటికి, పేరుపెట్టి చెప్పండి

"అన్నిటికీ స్తోత్రం ప్రభువా" అంటే మనసుకు ఏమీ అంటదు. మా జేజి ఎట్ల చేసేదో చెప్తా. విత్తనం పనికి ముందు రాత్రిపూట పంచలో చేట పెట్టుకొని చెనక్కాయలు వొలిచేది, కాయ వొలిచి గింజలు చేటలో వేస్తా ఒక్కో మాట: "పిల్లోనికి జరం తగ్గింది, స్తోత్రం. ఆవు చూడు కట్టింది, స్తోత్రం. కోడలు ఈ పొద్దు నగుతా మాట్లాడింది, స్తోత్రం." మధ్యలో లొట్టకాయ తగిలితే పక్కన పారేసి "ఇది కూడా నీకు తెలుసు నాయనా" అనేది. నేనిప్పుడు పడుకునే ముందు వేళ్ళ మీద ఐదు లెక్కపెడతా, నిన్నటివి మళ్ళీ చెప్పకూడదు అనేది నా రూలు, దానివల్ల పగలంతా కండ్లు వెతుకుతా ఉంటాయి.

స్టెప్ 4: పొద్దున ఫోన్ ముట్టుకోకముందు ఒక కీర్తన గట్టిగా చదవండి, ఒక పాట పాడండి

రోజుకొకటి అయితే 150 కీర్తనలు ఐదు నెలల్లో అయిపోతాయి. మనసు వచ్చినాక పాడదాం అనుకోవద్దు. పౌలు, సీల ఫిలిప్పీ జైల్లో దెబ్బలు తిని, కాళ్ళు బొండలో బిగించి ఉన్నప్పుడు మధ్యరాత్రి పాడినారు, తలుపులు తెరుచుకున్నది దాని తర్వాతే.

స్టెప్ 5: వారానికి ఒకరింటికి పోండి

హాస్పిటల్లో ఉన్నోళ్ళు, ఒంటరి ముసలోళ్ళు ఎవరైనా సరే. ప్రసంగం వద్దు, కొంచేపు కూర్చొని వాళ్ళు చెప్పేది వినండి చాలు.

ఇంకొక విషయం మనస్ఫూర్తిగా చెప్తున్నా. వారాల తరబడి నిద్ర లేక, అన్నం పోక, బతకాలనే లేకుండా ఉంటే అది విశ్వాసం తక్కువై కాదు, జబ్బు. డాక్టర్ దగ్గరికి పోండి, లేదంటే మనసు బాగాలేనోళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ హెల్ప్‌లైన్ నంబర్ 14416 కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. పాస్టరయ్యకూ చెప్పండి, ప్రార్థనా మందులూ రెండూ నడవనీయండి.

నాకు దాదాపు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఏడు కూడా పంట సగమే. ఒక రోజు తెల్లారుజామున కరెంటు వచ్చిందని మోటరు వేయడానికి పోతా ఉంటే నాకు తెలీకుండానే పాడుతున్నా, పక్క చేన్లోంచి మా అన్న చరణం అందుకున్నాడు.