ప్రొజెక్టర్ కొనేముందు టేపు పట్టండి

పాతికేళ్ల కిందట కోనసీమలో ఓ సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేరాను. ఇప్పుడు పెళ్లిళ్లకూ స్కూళ్లకూ ప్రొజెక్టర్లు అద్దెకిస్తున్నాను. కొనాలనుకునేవాళ్లు ముందు వెలుతురు సంగతి, "ఎన్ని ల్యూమెన్లు?" అని అడుగుతారు. నేను మాత్రం "మీ గది పొడవెంత?" అంటాను.

రీలు రోజుల్లోనూ ఇదే లెక్క. క్యాబిన్ నుంచి తెరకు 100 అడుగులు, స్కోప్ అనే బాగా వెడల్పాటి తెర 40 అడుగులైతే సుమారు 105 మిల్లీమీటర్ల లెన్స్ పడాలి. దాని ముందు స్కోప్ లెన్స్ బిగిస్తే, ఫిల్మ్ మీద సన్నగా నొక్కేసినట్టున్న బొమ్మ రెట్టింపు వెడల్పుకి విచ్చుకునేది.

ఇంటి ప్రొజెక్టర్‌కి త్రో రేషియో చూడాలి. లెన్స్ నుంచి తెరకున్న దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె అది. 100 అంగుళాల తెర అంటే మూల నుంచి మూలకి కొలత. వెడల్పు 87 అంగుళాలే, అంటే ఏడుంపావు అడుగులు. త్రో 1.5 అయితే దాదాపు 11 అడుగుల దూరం కావాలి. 10 అడుగుల గదిలో అంత బొమ్మ రాదు. 1.2 అయితే 9 అడుగుల లోపే సరిపోతుంది, కానీ పెట్టె పొడవు, వెనక వైర్లకి చోటు కూడా లెక్కేసుకోండి. 0.5 షార్ట్ త్రో మూడున్నర అడుగుల చిల్లర నుంచే నింపుతుంది. మనుషులు అడ్డం రారు, సీలింగ్ ఫ్యాన్ గొడవా ఉండదు. గోడ మాత్రం చదునుగా ఉండాలి.

పెట్టెను ఏటవాలుగా పెట్టి, వంకరపోయిన బొమ్మను కీస్టోన్ అనే సెట్టింగ్‌తో సరిచేసుకోవచ్చంటారు. నేనొప్పుకోను. అది బొమ్మలో కొంత భాగం వదులుకుని సరిచేయడమే. డబ్బు సరిపోతే లెన్స్ షిఫ్ట్ ఉన్నది తీసుకోండి, అందులో లెన్సే కదులుతుంది. షాపులో సినిమా వేయించుకోకండి, చిన్న అక్షరాల పేజీ వేయించి నాలుగు మూలలూ చదవండి.

ఇక కాపాడుకోవడం. మొదటి డిజిటల్ ప్రొజెక్టర్ కొన్న నెలలోనే తెర మీద ఓ మసక మచ్చ కనిపించింది. లెన్స్ మీద దుమ్మనుకుని చొక్కా అంచుతో గట్టిగా తుడిచాను. మచ్చ పోలేదు, కోటింగ్ మీద సన్నటి గీతలు మిగిలాయి. టార్చి ఏటవాలుగా వేస్తే ఇప్పటికీ కనిపిస్తాయి. లెన్స్ మీది దుమ్ము తెర మీద మచ్చగా పడదు. నలుపుని బూడిదరంగు చేసి బొమ్మను వెలిసినట్టు చూపిస్తుంది. ఫోకస్ రింగు మెల్లగా తిప్పండి. మచ్చ ఒక చోట స్పష్టంగా తేలిందంటే దుమ్ము లోపల ఉన్నట్టు. అది సర్వీసు వాళ్ల పని.

తుడవక తప్పకపోతే లెన్స్ చల్లారాక బ్లోయర్‌తో ఊదండి. నోటితో వద్దు, తుంపర పడుతుంది. తర్వాత మెత్తటి బ్రష్. అప్పటికీ వేలిముద్ర ఉంటే మైక్రోఫైబర్ గుడ్డ మీద ఒక చుక్క లెన్స్ లిక్విడ్ వేసి, మధ్య నుంచి అంచుకి సున్నాలు చుట్టినట్టు తుడవండి. నేరుగా లెన్స్ మీద స్ప్రే చేస్తే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది.

ఒకసారి ఓ ఫంక్షన్ హాల్లో పడమటి కిటికీకి ఎదురుగా, మూత పెట్టకుండా వదిలేసి భోజనానికి వెళ్లాను. భూతద్దంతో కాగితం కాలినట్టు, ఎండ లెన్స్‌లోంచి దూరి లోపల బొమ్మను తయారుచేసే ప్యానెల్‌ని కాల్చేసింది. డీజే లేజర్లతోనూ అదే ప్రమాదం, అవి లెన్స్‌కి ఎదురు పడకుండా చూడండి. వెలుగుతున్నప్పుడు మాత్రం మూత పెట్టకండి, వేడికి కరిగిపోతుంది. బొమ్మ ఆపాలంటే రిమోట్‌లో బ్లాంక్ బటన్ ఉంటుంది.

మా సముద్రం పక్క ఊళ్లలో వానాకాలం అసలు శత్రువు ఫంగస్. లెన్స్ లోపల సాలీడు దారాల్లా అల్లుకుంటుంది. వారానికోసారి ఓ గంట ఆన్ చేయండి. పూర్తిగా చల్లారాక బిగుతు మూత పెట్టెలో, తేమ పీల్చే సిలికా జెల్‌తో దాచండి. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే వెంటనే మార్చేయండి.