రాస్తూ నేర్పుదాం, 5వ పాఠం: ‘అప్పటికే’ పరీక్ష

పోయినసారి గుంటూరు బస్టాండులో బస్సు కోసం చూస్తున్న ఒక మనిషి మీద ఇంగ్లిష్‌లో పన్నెండు వాక్యాలు రాయమన్నాను. ఈసారి సంభాషణల గురించి చెప్పాలి. కానీ మీరు పంపినవన్నీ రెండు రాత్రులు కూర్చుని చదివాక ఆ పాఠం పక్కన పెట్టేశాను. ఒకే ఒక్క మాట మీ కథలన్నిటినీ కాళ్ళు పట్టి వెనక్కి లాగుతోంది. దాని సంగతి తేలకుండా ముందుకు వెళ్ళి లాభం లేదు.

ఆ మాట ‘హ్యాడ్’.

ఒకమ్మాయి రాసింది చూడండి. ముసలావిడ ఒళ్ళో గోంగూర కట్టల సంచీ, కట్టలు వాడిపోకుండా పైన తడిగుడ్డ, ఆ నీళ్ళు కారి చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి. ఇంత దగ్గరగా చూసిన అమ్మాయికి రాయడం ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఆ చూపంతా ఇంగ్లిష్‌లోకి ఇలా వచ్చింది: “యాన్ ఓల్డ్ ఉమన్ హ్యాడ్ కమ్ టు ద బస్ స్టాండ్. షి హ్యాడ్ శాట్ ఆన్ ద బెంచ్. షి హ్యాడ్ కెప్ట్ ద బ్యాగ్ ఆన్ హర్ ల్యాప్.” ‘హ్యాడ్ కమ్’ అనగానే చదివేవాళ్ళు ‘సరే, వచ్చేసింది, ఆ తర్వాత ఏమైంది?’ అని చూస్తారు. తర్వాతి వాక్యంలోనూ హ్యాడే, దాని తర్వాతా హ్యాడే. కథ మొదలవుతుందని చూసి చూసి విసిగిపోతారు. “కేమ్, శాట్, కెప్ట్” అని రాసి ఉంటే ఆవిడ మన కళ్ళ ముందే వచ్చి కూర్చునేది.

ఇది మీ తప్పని నేను అనను. మనకు చిన్నప్పుడు గైడుల్లో పాస్ట్ పర్ఫెక్ట్‌కి, అంటే ఈ ‘హ్యాడ్ కమ్’ లాంటి రూపానికి, తెలుగు ఏమని ఇచ్చారు? ‘నేను అన్నము తిని ఉంటిని’ అని. విజయవాడలో గానీ గుంటూరులో గానీ ‘తిని ఉంటిని’ అన్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? ఎవరూ అనని మాట కాబట్టి అర్థం ఎవరికీ పట్టలేదు. ‘ఎప్పుడో జరిగిపోయినదానికి హ్యాడ్ వేయాలి’ అని ఒక లెక్క మాత్రం మనసులో పడిపోయింది. అందుకే నిన్న బజారుకి వెళ్ళినా హ్యాడ్, పోయినేడాది తిరుపతి వెళ్ళినా హ్యాడ్. ఎంత కాలం కిందట జరిగిందన్నదానికీ హ్యాడ్‌కీ సంబంధమే లేదు. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయిన సంగతి చెప్పాలన్నా మామూలు పాస్టే చాలు.

నేను వాడే పద్ధతి చెప్తాను. ఆ వాక్యాన్ని తెలుగులో అనుకుని అందులో ‘అప్పటికే’ పెట్టి చూడండి. ‘నేను వెళ్ళేసరికి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది.’ చక్కగా కుదిరింది, హ్యాడ్ ఉండాలి. ‘ముసలావిడ అప్పటికే బస్టాండుకి వచ్చింది.’ ఎప్పటికి? ఆ ‘ఎప్పటికి’కి మీ కథలో జవాబు లేకపోతే హ్యాడ్ కొట్టేయండి. కాదని అర్థమొచ్చే వాక్యమైతే ‘అప్పటికి ఇంకా’ అని చూడండి: ‘అప్పటికి ఇంకా తెల్లారలేదు.’ నేనైతే పెన్సిల్‌తో ప్రతి హ్యాడ్ చుట్టూ సున్నా చుట్టి, ఒక్కోదానికీ ఈ ప్రశ్న వేసి, జవాబు రానివి కొట్టేస్తాను. ఫోన్లో టైపు చేసింది కూడా కాగితం మీద రాసుకునే ఈ పని చేస్తాను, తెరమీద నాకు తప్పులు కనపడవు.

ఈ పరీక్షకి లొంగనిది ఒకటుంది: ‘తెలిసుంటే చెప్పేవాణ్ణి’ లాంటి వాక్యం. “ఇఫ్ ఐ హ్యాడ్ నోన్” అనాల్సిందే. తెలుగులో ఇలాంటి ‘-ఉంటే’ వినపడితే ఆ హ్యాడ్‌ని కొట్టేయకండి. ‘ఆమె దగ్గర సంచీ ఉంది’ అనే హ్యాడ్ వేరు, అది మీకు తెలుసు. ఇండైరెక్ట్ స్పీచ్‌లో వచ్చే హ్యాడ్ (“హి సెడ్ దట్ హి హ్యాడ్ సీన్ ఎ స్నేక్”) మన పరీక్షలో నెగ్గుతుంది, ఎందుకంటే వాడు చెప్పే సమయానికి పాముని అప్పటికే చూశాడు.

ఇప్పుడు బడి సంగతి. మీలో చాలామంది బి.ఇడి.లో ఉన్నారు, కొందరు దాంతోపాటే ఇగ్నో (ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ) వాళ్ళ ఇంగ్లిష్ క్రియేటివ్ రైటింగ్ డిప్లొమా కూడా చదువుతున్నారు. కథలకి ఒక నోట్‌బుక్, లెసన్ ప్లాన్‌కి ఇంకో నోట్‌బుక్ పెట్టుకున్నామని రాశారు. దయచేసి రెండూ ఒకదాంట్లోనే రాయండి. కథ రాస్తూ మీరు ఎక్కడ తడబడ్డారో రేపు తొమ్మిదో తరగతి పిల్లలు సరిగ్గా అక్కడే తడబడతారు. అక్కణ్ణుంచి మీరెలా బయటపడ్డారో అదే మీ లెసన్ ప్లాన్.

హ్యాడ్‌ని నేను నిర్వచనంతో మొదలుపెట్టను. బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తాను. “వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ లెఫ్ట్.” “వెన్ ఐ రీచ్డ్ ద స్టేషన్, ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్.” రెండిట్లోనూ ప్లాట్‌ఫారం ఎలా ఉందో బొమ్మ గీయమంటాను. మొదటిసారి మంగళగిరి దగ్గరి ఒక హైస్కూల్లో ఇది చేసినప్పుడు, వెనక బెంచీ పిల్లాడు ఒకడు మొదటి బొమ్మలో రైలు చివరి పెట్టె గీసి, దాని మీద పెద్ద పసుపు ఇంటూ గుర్తు కూడా పెట్టాడు. రెండో బొమ్మలో ఉత్త పట్టాలు, టీ క్యాను నేలమీద పెట్టుకుని కూర్చున్న మనిషి. ‘ఈ టీ అతను ఎందుకు?’ అని అడిగితే, ‘రైలు పోయింది కదండీ, బేరం అయిపోయింది, అందుకే కూర్చున్నాడు’ అన్నాడు. ఆ రోజు నేను పాస్ట్ పర్ఫెక్ట్ అనే పేరు కూడా ఎత్తలేదు. ఆ పిల్లాడు హ్యాడ్‌లోంచి ఒక కథ తీసి నా చేతిలో పెట్టాడు. ఇంటర్న్‌షిప్‌లో చేరినవాళ్ళు రేపే క్లాసులో ఈ బొమ్మలు గీయించండి.

రాసేవాళ్ళకి ఇంకొక్క మాట. గతంలోకి వెళ్ళే ఘట్టం ఉందనుకోండి, గోంగూర ముసలావిడకి కొడుకు పెళ్ళి గుర్తొచ్చింది. పెళ్ళి అంతా హ్యాడ్‌లతో నింపక్కర్లేదు. హ్యాడ్ గుమ్మం లాంటిది, ఒకటి రెండు వాక్యాల్లో దాటి లోపలికి వెళ్ళాక ఇక మామూలు పాస్టే. బయటికి రావడానికి ఒక చప్పుడు చాలు: కండక్టరు “తెనాలి, తెనాలి” అని అరిచాడు, ఆవిడ సంచీ ఎత్తుకుంది. మనం బస్టాండులోకి వచ్చేశాం.

అభ్యాసం ఈసారి ఎక్కువే, తిట్టుకోకండి. పోయినసారి రాసిన పన్నెండు వాక్యాలూ తీసి, ఒక్క హ్యాడ్ కూడా లేకుండా తిరగరాయండి. తర్వాత అందులో ఆ మనిషి గతంలోని అయిదు వాక్యాలు చేర్చండి, మొత్తం మీద హ్యాడ్‌లు రెండుకి మించకూడదు. మూడోసారి, ఒకే ఒక్క హ్యాడ్‌తో, అది తీసేస్తే కథే మారిపోయేలా రాయండి. మూడోది చాలా కష్టం, నాకు వారం పట్టింది. మూడూ పైకి చదివి, కాగితం మీద చేత్తో రాసి, ఫొటో తీసి ఆదివారం లోపు పంపండి. కొట్టివేతలు చెరపొద్దు, నేను ముందు చూసేది వాటినే.