డాలీ మీద లాగే కారు వెనక చక్రం కాలిపోతోందా? ముందు హ్యాండ్‌బ్రేక్ చూడండి

అమెరికాలో ఊరు మారేటప్పుడు పికప్ వెనక టో డాలీ (రెండు చక్రాల చిన్న ట్రైలర్) కట్టి, దాని మీద చిన్న కారు ముందు చక్రాలు ఎక్కించి, వెనక చక్రాలు రోడ్డు మీద దొర్లించుకుంటూ పోయేవాళ్ల కోసం ఇది. డాలస్ నుంచి బే ఏరియాకి సివిక్, కొరోలా లాంటి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారుని ఇలా తీసుకుపోవచ్చు. ఆల్ వీల్ డ్రైవ్ అయితే డాలీ మాట మర్చిపోయి నాలుగు చక్రాలూ పైకెక్కే ట్రైలర్ తీసుకోండి. గొలుసులు ఇంటూ ఆకారంలో వెయ్యడం, కప్లర్‌కి (ట్రక్కు వెనక ఉండే గుండ్రటి బాల్ మీద కూర్చునే డాలీ మూతికి) పిన్ను పెట్టడం తెలుసనే అనుకుంటున్నాను.

ట్రక్కు బరువుగా లాగుతోంది, గ్యాస్ తాగేస్తోంది, ఆగితే మాడు వాసన

నూటికి తొంభై మంది ముందు ట్రక్కు బానెట్ ఎత్తుతారు. ఎత్తకండి. వెనక్కి వెళ్లి కారు వెనక చక్రాల దగ్గర అరచెయ్యి పెట్టండి, రిమ్ముని తాకకుండా అంగుళం దూరంలో. దారిలో ఆ కారు బ్రేకు ఎవరూ తొక్కడం లేదు కదా, మరి ఆ చక్రానికి సెగ ఎందుకు రావాలి? ఒకటి గోరువెచ్చగా, రెండోది సెగలు కక్కుతూ ఉంటే ఆ రెండోదానికి బ్రేకు పట్టి ఉన్నట్టే.

కారణం మామూలుదే. కారు డాలీ ఎక్కగానే దొర్లకుండా హ్యాండ్‌బ్రేక్ వేస్తారు, వెయ్యాల్సిందే. ముందు టైర్లని డాలీకి కట్టే స్ట్రాపులు రెండూ బిగించేసరికి చేతులకి మసి, ఒంటికి చెమట, బ్రేకు సంగతి బుర్రలోంచి పోతుంది. పికప్‌కి కొరోలా ఒక లెక్కా? బ్రేకు పడి ఉన్నా ఈడ్చుకుపోతుంది, స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాళ్లకి తెలీదు.

బటన్ బ్రేకు కార్లది ఇంకో తంటా. బటన్ నొక్కి వదిలిస్తారు, ఎర్ర లైటు ఆరుతుంది, ఇంజిన్ ఆపుతారు. ఆపగానే కొన్ని మోడళ్లలో బ్రేకు దానంతటదే మళ్లీ పడుతుంది. వెనక చక్రం దగ్గర గుర్ర్‌మని క్షణం సేపు వచ్చే మోటారు చప్పుడే సాక్ష్యం, పక్కన ట్రక్కు ఇంజిన్ ఆన్‌లో ఉంటే అదీ వినపడదు. ఇలా పడకుండా ఆపే పద్ధతి మోడల్‌కొకటి, ఓనర్స్ మాన్యువల్‌లో టోయింగ్ పేజీలో ఉంటుంది. అది చేశాక ఇంజిన్ ఆపి, తలుపు వేసి, లాక్ చేసి, 5 నిమిషాలు ఆగి అప్పుడు బ్రేకు మళ్లీ పడిందేమో చూడండి. కారు బ్యాటరీ డౌన్ అయితే బటన్ ఎంత నొక్కినా బ్రేకు వదలదు. జంపర్ కేబుళ్లు చేతికందేచోట పెట్టుకోండి, ట్రంకులో అట్టపెట్టెల కింద కాదు.

అన్నిటికన్నా దొంగది మూడోది. లివర్ పూర్తిగా కిందికే ఉంది, లైటూ ఆరింది, అయినా ఒక చక్రం పట్టేసి ఉంటుంది. మిషిగన్, ఒహాయో లాంటి చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన పాత కార్లకి తొడుగు లోపల కేబుల్ తుప్పు పడుతుంది. లాగితే వస్తుంది, వదిలితే వెనక్కి పోదు. పది అడుగులు ముందుకి నడిపి చక్రం తిరుగుతోందా అని చూస్తే ఇది దొరకదు, ఎందుకంటే తిరుగుతుంది, రాసుకుంటూ తిరుగుతుంది. బయల్దేరే ముందు ఒక్కో వెనక చక్రాన్నీ జాకీతో లేపి చేత్తో తిప్పండి. తోసి వదిలాక కొంతైనా దానంతటది తిరగాలి. చెయ్యి తియ్యగానే టక్కున ఆగిందా, దొరికింది. లివర్ ఐదారుసార్లు లాగి వదలండి. లొంగకపోతే లివర్ కింద కన్సోల్‌లో ఉండే అడ్జస్టర్ నట్టుని కేబుల్ వదులయ్యేదాకా తిప్పి, చక్రం మళ్లీ తిప్పి చూడండి. గుర్తుంచుకోండి, ఆ తర్వాత హ్యాండ్‌బ్రేక్ పని చెయ్యదు, దించేటప్పుడు చక్రాల కింద చెక్కదిమ్మలు కావాలి.

అప్పటికే పొగ వస్తుంటే నీళ్లు మాత్రం పొయ్యకండి, కాలిన డ్రమ్ము పగులుతుంది. గాలికి చల్లారనిచ్చి అప్పుడు తిప్పండి. బేరింగ్ గరగరమంటే ఆ కారుని ఇక దొర్లించొద్దు, కారుని మొత్తం పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ లారీని పిలవండి.

వెనక కారు పాములా ఊగుతోంది

గ్యాస్ మీద కాలు తీసి స్టీరింగ్ నిటారుగా పట్టుకోండి, బ్రేకు గట్టిగా తొక్కకండి. ఆగాక ట్రంకు తెరవండి: బియ్యం బస్తాలు, గ్రైండరు, పుస్తకాలు అన్నీ అక్కడే ఉంటాయి. తీసి ట్రక్కులోకి మార్చండి. తర్వాత టైర్లలో గాలి, తర్వాత స్పీడు. అద్దె డాలీల మీద 55 మైళ్లు అని రాసి ఉండేది అలంకారానికి కాదు. ఐ-40 మీద ఆరిజోనా దాటి కాలిఫోర్నియాలో అడుగు పెట్టాక వెనక ఏదైనా లాగే బండికి చట్టప్రకారమూ 55 మైళ్లే.

ఆగినప్పుడల్లా దబ్‌మని గుద్దుతోంది

2 అంగుళాల కప్లర్‌లో 1-7/8 బాల్ పెట్టారేమో చూడండి. బాల్ నెత్తి మీద సైజు చెక్కి ఉంటుంది, కంటి అంచనా వద్దు.

ఎడమ ఇండికేటర్ వేస్తే రెండు వైపులా మిణుకుమంటోంది

బల్బులు మార్చకండి. ట్రక్కు నుంచి డాలీ లైట్లకి వెళ్లే నాలుగు వైర్ల ప్లగ్గులో తెల్లది గ్రౌండ్ (ఎర్త్), అది బోల్టు పడే చోట తుప్పు గీకి బిగించండి.

స్ట్రాపు వదులవుతోంది

అవుతుంది, టైరు సర్దుకుంటుంది కాబట్టి. మొదటి 5 మైళ్లకి ఒకసారి, ఆ తర్వాత ప్రతి 50 మైళ్లకి రాచెట్ బిగించండి. అక్కడ దిగినప్పుడే వెనక చక్రాల దగ్గరా చెయ్యి పెట్టండి.

డాలీ సర్జ్ బ్రేకు (ట్రక్కు ఆగినప్పుడు వెనక నుంచి వచ్చే తోపుకి దానంతటదే పడే డాలీ బ్రేకు) పట్టెయ్యడం, డాలీ యాక్సిల్ వంగడం లాంటివి అరుదు. పైవన్నీ అయ్యాక కూడా మాడు వాసన పోకపోతే డాలీ మార్చి ఇంకోటి ఇమ్మనండి, మీరు విప్పకండి.