వెరిలాగ్, వీహెచ్‌డీఎల్ నేర్చుకోడానికి రిఫరెన్స్ పుస్తకం ఎలా ఎంచుకోవాలి?

చిప్‌లోని సర్క్యూట్‌ను కోడ్‌గా రాసే భాషలు వెరిలాగ్, వీహెచ్‌డీఎల్. కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలో ఈసీఈ చదివేవాళ్లకు సిలబస్ చివర టెక్స్ట్ బుక్స్, రిఫరెన్స్ బుక్స్ అని కొన్ని పేర్లు ఉంటాయి. వాటిలో ఏది కొనాలో మాత్రం అక్కడ రాసి ఉండదు. చాలామంది ఏదీ కొనకుండా ఆల్ ఇన్ వన్ గైడ్‌తో సరిపెట్టుకుంటారు. పరీక్ష గట్టెక్కడానికి అది చాలు. రేపు ఇంటర్వ్యూలో తెల్ల కాగితం ఇచ్చి షిఫ్ట్ రిజిస్టర్ (ప్రతి క్లాకుకూ బిట్లను ఒక స్థానం జరిపే సర్క్యూట్) రాయమంటే మాత్రం చాలదు.

హార్డ్‌వేర్ భాష పుస్తకంలో ముఖ్యంగా చూడాల్సింది ఒకటే. కోడ్ రాసిన చోట అది ఏ సర్క్యూట్‌గా మారుతుందో పక్కనే గీసి చూపిస్తున్నారా, లేదా? మిగతావన్నీ దాని తర్వాతే.

మొదట: ఏ భాష?

మీ ల్యాబ్ మాన్యువల్ తెరిచి చూడండి. అందులో ఏ భాష ఉంటే దానితోనే మొదలుపెట్టండి. ఎంచుకునే వీలుంటే వెరిలాగ్ తీసుకోండి. హైదరాబాద్, బెంగళూరు చిప్ డిజైన్ కంపెనీల్లో ఎక్కువగా నడిచేది వెరిలాగ్, దాన్ని విస్తరించిన సిస్టమ్ వెరిలాగే. రక్షణ, అంతరిక్ష రంగాల వైపు వెళ్లాలనుకునేవాళ్లకు వీహెచ్‌డీఎల్ పనికొస్తుంది. రెండూ ఒకేసారి పెట్టుకోవద్దు.

ఫ్లిప్‌ఫ్లాప్ (క్లాకు అంచున ఒక బిట్‌ను పట్టి ఉంచేది), మల్టీప్లెక్సర్ (చాలా ఇన్‌పుట్లలో ఒకదాన్ని ఎంచుకునేది), స్టేట్ మెషీన్ (ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే సర్క్యూట్) చేత్తో గీయలేకపోతున్నారా? అయితే ముందు డిజిటల్ డిజైన్ పుస్తకమే కొనాలి. మోరిస్ మానో, సిలెట్టి కలిసి రాసిన ‘డిజిటల్ డిజైన్’లో వెరిలాగ్ కూడా ఉంది. డేవిడ్ హారిస్, సారా హారిస్ రాసిన ‘డిజిటల్ డిజైన్ అండ్ కంప్యూటర్ ఆర్కిటెక్చర్’ రెండో ఎడిషన్‌లో ఒకే సర్క్యూట్‌ను సిస్టమ్ వెరిలాగ్‌లోనూ వీహెచ్‌డీఎల్‌లోనూ పక్కపక్కనే ఇచ్చారు. ఒకటే పుస్తకం కొనగలిగితే రెండోదానికే మా ఓటు.

తర్వాత: ఏ సంవత్సరపు భాష?

వెరిలాగ్‌కు 1995, 2001, 2005లో స్టాండర్డ్‌లు వచ్చాయి. 2009లో అది సిస్టమ్ వెరిలాగ్‌లో కలిసిపోయింది. పుస్తకం ఏ కాలానిదో తెలుసుకోవడానికి ముందుమాట చదవనక్కర్లేదు, ఏదైనా ఒక మాడ్యూల్ (ఒక సర్క్యూట్ భాగానికి రాసిన కోడ్) చూస్తే చాలు. పోర్టుల (బయటి కనెక్షన్ల) పేర్లు బ్రాకెట్లలో ఒకసారి రాసి, కింద ఇన్‌పుట్, అవుట్‌పుట్ అంటూ మళ్లీ రాశారంటే అది 1995 పద్ధతి. క్లాకు లేని బ్లాకులో ఆల్వేస్ పక్కన @(*) అని కాకుండా సిగ్నల్స్ అన్నీ ఒక్కొక్కటిగా పేర్చి ఉన్నా అంతే. ఆ వరసలో ఒక్క సిగ్నల్ మర్చిపోతే సిమ్యులేషన్ (కోడ్‌ను కంప్యూటర్‌లో నడిపి చూడటం) ఒకటి చూపిస్తుంది, తయారైన సర్క్యూట్ ఇంకోటి చేస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ తేడా పట్టుకోలేరు. అందుకే 2001కి ముందు పద్ధతిలో రాసిన పుస్తకం పక్కన పెట్టేయండి.

సమీర్ పల్నిట్కర్ వెరిలాగ్ పుస్తకానికి మొదటి ఎడిషన్ 1996ది, రెండోది 2003ది. సీనియర్ల దగ్గర పాతది దొరుకుతుంటే ఏ ఎడిషనో చూసి తీసుకోండి. 2001 మార్పులు రెండోదాంట్లోనే ఉన్నాయి.

వీహెచ్‌డీఎల్ అయితే లెక్కలకు వాడిన ప్యాకేజీ చూడండి. న్యూమరిక్ ఎస్‌టీడీ ఉంటే మంచిది. ఎస్‌టీడీ లాజిక్ అరిథ్, ఎస్‌టీడీ లాజిక్ అన్‌సైన్డ్ అని కనిపిస్తే అవి ఒక కంపెనీ తయారుచేసుకున్నవి, స్టాండర్డ్‌లో భాగం కావు.

లైబ్రరీలో అరగంట పరీక్ష

కొనేముందు కాలేజీ లైబ్రరీ రిఫరెన్స్ సెక్షన్‌లో రెండు మూడు పుస్తకాలు ముందు పెట్టుకుని, చివర ఉండే ఇండెక్స్ పట్టుకుని ఈ విషయాలు వెతకండి. ఇండెక్సే సరిగా లేకపోతే అది రిఫరెన్స్ పుస్తకంగా పనికిరాదు.

అన్నిటికన్నా ముందు, వెరిలాగ్‌లో విలువ ఇచ్చే రెండు గుర్తులు ‘=’, ‘<=’ తేడా. రెండు ఫ్లిప్‌ఫ్లాపుల షిఫ్ట్ రిజిస్టర్ తీసుకుందాం. క్లాక్ అంచు మీద పనిచేసే బ్లాకులో ముందు మొదటి రిజిస్టర్‌కు డేటా, తర్వాత రెండోదానికి మొదటి రిజిస్టర్ విలువ ఇస్తూ రెండు చోట్లా ‘=’ వాడారనుకోండి. మొదటి లైను పూర్తయ్యాకే రెండోది నడుస్తుంది కాబట్టి డేటా ఒకే క్లాకులో రెండింటిలోకీ దిగిపోతుంది. రెండు క్లాకుల ఆలస్యం రావాల్సిన చోట ఒక్కటే వస్తుంది. ‘<=’ వాడితే కుడివైపు విలువలు రెండూ ముందే చదివి, ఆ తర్వాత ఒకేసారి మారుస్తుంది, షిఫ్ట్ సరిగ్గా జరుగుతుంది. ఈ రెండు సర్క్యూట్లూ గీసి చూపించిన పుస్తకం దొరికితే సగం వెతుకులాట అయిపోయినట్టే. ‘ఒకటి బ్లాకింగ్, ఇంకోటి నాన్ బ్లాకింగ్’ అని రెండు వాక్యాల్లో తేల్చేస్తే ఆ పుస్తకం వద్దు.

రెండోది లాచ్, అంటే క్లాకు అంచుతో పని లేకుండా విలువను పట్టి ఉంచే భాగం. కాంబినేషనల్ (క్లాకు లేని) బ్లాకులో ఇఫ్ రాసి ఎల్స్ వదిలేస్తే, కేస్‌లో అన్ని విలువలూ రాయకుండా డిఫాల్ట్ మరిస్తే, పాత విలువ గుర్తుపెట్టుకోడానికి మనం అడగని లాచ్ పుట్టుకొస్తుంది. ఎందుకు పుడుతుందో, ఎలా తప్పించాలో పుస్తకంలో ఉండాలి.

సైన్డ్ (మైనస్ విలువలు కూడా ఉండే) సంఖ్యలు: ఒకే లెక్కలో సైన్డ్, అన్‌సైన్డ్ కలిస్తే వెరిలాగ్ మొత్తాన్ని అన్‌సైన్డ్‌గా చూస్తుంది. నాలుగు బిట్లలో మైనస్ 1 కాస్తా 15 అయిపోయి, 1 కన్నా పెద్దదని తేలుతుంది. చాలా పుస్తకాలు దీన్ని అసలు తాకవు. తాకినవాటికి విలువ ఎక్కువ.

ఇక బయటినుంచి వచ్చే సిగ్నల్. భీమవరం వైపు రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గగానే ఏరియేటర్ తిరిగేలా ఒక స్టేట్ మెషీన్ ప్రాజెక్టుగా చేస్తున్నారనుకోండి. సెన్సార్ వైపు నుంచి వచ్చే ఆన్, ఆఫ్ సిగ్నల్‌కు మీ బోర్డు క్లాకుతో ఏ సంబంధమూ లేదు. దాన్ని నేరుగా ఇస్తే, మారుతున్న క్షణంలో ఒక ఫ్లిప్‌ఫ్లాప్ 1గా, మరొకటి 0గా చదవొచ్చు. మెషీన్ వెళ్లకూడని స్టేట్‌లోకి పోయి మోటార్ మొరాయిస్తుంది. సిమ్యులేషన్‌లో ఈ తప్పు కనపడదు. ముందు వరసగా రెండు ఫ్లిప్‌ఫ్లాపులు పెట్టి సిగ్నల్‌ను క్లాకుకు అలవాటు చేయాలి. ఇండెక్స్‌లో ‘సింక్రనైజర్’ (ఆ రెండు ఫ్లిప్‌ఫ్లాపుల అమరిక), ‘మెటాస్టెబిలిటీ’ (ఫ్లిప్‌ఫ్లాప్ 0, 1 ఏదీ తేల్చుకోలేని స్థితి) వెతకండి.

టెస్ట్ బెంచ్‌కు (డిజైన్‌కు ఇన్‌పుట్లు ఇచ్చి పరీక్షించే కోడ్‌కు) విడిగా అధ్యాయం ఉందా అన్నది కూడా చూడండి. వేవ్‌ఫామ్ కళ్లతో చూసుకోమనడం కాదు, వచ్చిన జవాబును రావాల్సిన జవాబుతో పోల్చి తప్పు చెప్పే టెస్ట్ బెంచ్ కావాలి. #5 లాంటి ఆలస్యాలు సిమ్యులేషన్‌కే తప్ప చిప్‌లోకి రావని కూడా అక్కడ స్పష్టంగా ఉండాలి.

బోర్డుకు తగ్గ పుస్తకం

పాంగ్ చూ 2008 వెరిలాగ్ ప్రోటోటైపింగ్ పుస్తకం జైలింక్స్ కంపెనీ స్పార్టన్-3 ఎఫ్‌పీజీఏ (మన డిజైన్‌ను లోపల వేసుకోగల చిప్) బోర్డు ఆధారంగా రాసింది. ఆ చిప్‌కు అదే కంపెనీ పాత ఐఎస్ఈ సాఫ్ట్‌వేరే కావాలి, దాని చివరి వెర్షన్ 14.7. దాని తర్వాత వచ్చిన వివాడో సాఫ్ట్‌వేర్ స్పార్టన్-3నీ స్పార్టన్-6నీ గుర్తించదు. ల్యాబ్‌లో ఉన్నది వివాడోతో నడిచే ఆర్టిక్స్-7 చిప్ అయితే పుస్తకంలోని బటన్లు, మెనూలు, పిన్ ఫైళ్లు కుదరవు, కోడ్ మాత్రం చాలావరకు పనికొస్తుంది. వీహెచ్‌డీఎల్‌కు ఆయనే రాసిన ‘ఆర్‌టీఎల్ హార్డ్‌వేర్ డిజైన్’ మంచిది, అందులో కోడ్ వెంట సర్క్యూట్ బొమ్మ ఉంటుంది. పీటర్ ఆషెండెన్ వీహెచ్‌డీఎల్ పుస్తకం లావుది. భాష సందేహాలు తీర్చుకోడానికి దగ్గర పెట్టుకోవాలి గానీ మొదటి పుస్తకంగా వద్దు.

కొనేటప్పుడు

ఇండియన్ ఎడిషన్ ఉందేమో అడగండి, ధర బాగా తగ్గుతుంది. పాత పుస్తకాలకు విజయవాడ లెనిన్ సెంటర్, హైదరాబాద్ కోఠీ ఉన్నాయి. అక్కడ ఎడిషన్, సంవత్సరం, చివర ఇండెక్స్ పేజీలు ఊడిపోలేదు కదా అన్నవి చూసుకోండి. కోనసీమ వానాకాలంలో గోడకు ఆనించిన బీరువాలో పెడితే బూజు పడుతుంది, కాస్త గాలి తగిలేచోట ఉంచండి.

సిస్టమ్ వెరిలాగ్ స్టాండర్డ్ 1800ను ఐట్రిపుల్ఈ గెట్ ప్రోగ్రామ్ కింద ఉచితంగా దించుకోవచ్చు. 2017 వెర్షన్ 1300 పేజీలకు పైనే ఉంటుంది. అది చదివి నేర్చుకునేది కాదు, రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెప్పినప్పుడు తీర్పు కోసం తెరిచేది.

పుస్తకం తెచ్చిన రోజే ఐకారస్ వెరిలాగ్ (కోడ్ నడిపే సిమ్యులేటర్), జీటీకేవేవ్ (వేవ్‌ఫామ్ చూపించేది) ఇన్‌స్టాల్ చేసుకోండి, రెండూ ఉచితమే. వీహెచ్‌డీఎల్‌కు జీహెచ్‌డీఎల్ సిమ్యులేటర్ ఉంది. మొదటి షిఫ్ట్ రిజిస్టర్ ఉదాహరణ టైప్ చేసి నడపండి. తర్వాత ‘<=’ తీసేసి ‘=’ పెట్టి మళ్లీ నడిపి, రెండు వేవ్‌ఫామ్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎందుకు మారిందో పుస్తకంలో ఆ పేజీ చదివితే తెలియాలి. తెలియకపోతే, బిల్లు చేతిలో ఉండగానే మార్చుకోండి.