చెత్త పట్టింపు నాది, కరెంటు పట్టింపు ఆయనది: ఒకే ఇంట్లో నెట్టుకొచ్చే పద్ధతి

మా ఇంట్లో పర్యావరణం గొడవ ఒక పాల ప్యాకెట్ దగ్గర మొదలైంది. నేను ప్యాకెట్ మూలను సగం దాకానే కత్తిరిస్తాను. ఆ చిన్న ముక్క ప్యాకెట్‌కే అంటుకుని ఉండాలి. పాలు పోశాక కడిగి, సింకు మీద కట్టిన తీగకు క్లిప్పు పెట్టి ఆరేస్తాను. మా ఆయనేమో మూల మొత్తం తెగ్గోసి, ఆ ముక్కను ఎక్కడ పడేస్తారో ఆయనకే తెలీదు. అంత చిన్న ముక్కను పాత సామాన్లు కొనే ఏ కబాడీ అతనూ ఏరుకోడు, చివరికి మోరీలోకే పోతుంది అని నా బాధ. "నువ్వు ఆ ప్యాకెట్ కడగడానికి కుళాయి ఎంతసేపు తిప్పావో చూసుకున్నావా?" అని ఆయన.

చెప్పొచ్చేదేమంటే, ఇద్దరిదీ ఒకే దారి అని పెళ్లయిన కొత్తలో అనుకున్నాం. నా దృష్టంతా చెత్త, కవర్లు, సంచుల మీద. ఆయన దృష్టి కరెంటు, నీళ్లు, లెక్కల మీద. నేను గుడ్డసంచి పట్టుకుని స్కూటీ మీద సరూర్‌నగర్ రైతు బజార్‌కు వెళ్తే, ఆయన ఆ స్కూటీ తాగిన పెట్రోలు లెక్కేస్తారు. ఆయన మెట్రోలో అమీర్‌పేట వెళ్లి వస్తూ దారిలో ప్లాస్టిక్ కవర్లో ఇరానీ చాయ్ పార్సిల్ తెస్తే, నాకు ఒళ్లు మండుతుంది. ఇలాంటి ఇల్లు మాదొక్కటే కాదని తెలుసు కాబట్టి, మాకు పనికొచ్చిన పద్ధతి రాస్తున్నాను. మేముండేది హైదరాబాద్ కొత్తపేటలో, మూడో అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాట్. మేమిద్దరం, బాబు, ఏడాదిలో ఆరు నెలలు మా అత్తగారు.

ముందు ఒక వారం రాసి పెట్టండి

ఎవరు రైటు అనే చర్చ మొదలుపెట్టకండి. పాత క్యాలెండర్ కాగితం వెనక మూడు గడులు గీయండి: పని ఏమిటి, ఆ పట్టింపు ఎవరిది, చేసిన చేతులు ఎవరివి. ఒక్క వారం నిజాయితీగా నింపితే చాలు.

మా కాగితం చూసుకుంటే సిగ్గేసింది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయాలన్న పట్టింపు నాది. చేస్తున్నది మా ఇంట్లో పనిచేసే అక్క. వాటర్ ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లను బకెట్లో పట్టాలన్న పట్టింపు ఆయనది. నిండిన బకెట్‌ను బాత్రూం దాకా మోస్తున్నది మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. పడగ్గదిలో ఏసీ పెంచాలా తగ్గించాలా అని మేం వాదించుకుంటుంటే, ఆ వాదనకు నిద్ర పాడవుతున్నది బాబుకు.

ముఖ్యంగా పనిచేసే అక్క సంగతి. రెండు డబ్బాలు పెట్టినా రోజూ అన్నీ కలిసిపోతున్నాయని ఒకరోజు కాస్త గట్టిగానే అడిగాను. ఆమె చీపురు పక్కన పెట్టి, "మేడమ్, డబ్బాలు రెండు పెట్టిన్రు గని, దేంట్ల ఏమెయ్యాల్నో నాకెవరన్న జెప్పిన్రా?" అంది. నిజమే. మేమిద్దరం అర్ధరాత్రి దాకా కూర్చుని ఒప్పందం చేసుకున్నాం, ఆ ఒప్పందం మోసే మనిషిని మాత్రం పిలవలేదు. ఆ రోజే ముగ్గురం వంటింట్లో నిలబడి మాట్లాడుకున్నాం. తొక్కలు, టీ పొడి, మిగిలిన అన్నం ఆకుపచ్చ డబ్బాలో. కాగితం, కవర్లు, సీసాలు నీలం డబ్బాలో. ప్యాడ్లు, డైపర్లు, గడువు దాటిన మందులు, పాడైన బ్యాటరీలు విడిగా కాగితంలో చుట్టి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు కూడా చెత్తను మూడుగా వేరు చేయమనే చెప్పాయి. కబాడీకి అమ్మిన డబ్బు ఆమెదే అనుకున్నాం. జీతం మీద ఇంకో మూడొందలు కలిపాం. ఇప్పుడు పాల ప్యాకెట్ మూల కోసినందుకు మా ఆయనను మందలించేది ఆమే.

ఈ కాగితం నుంచి మేం తీసిన నియమం ఒక్కటే: పట్టింపు ఎవరిదో, మొదటి నెల పని కూడా వాళ్లదే. నెల తర్వాత కూడా ఆ పని మీద మోజు తగ్గకపోతే అప్పుడు ఇంట్లో వాళ్లను సాయం అడగొచ్చు. ఈ ఒక్క నియమంతో మా ఇంటి ఆదర్శాలు సగం వాటంతటవే రాలిపోయాయి. బకెట్లు మోయడం మొదలుపెట్టిన నాలుగో రోజుకు ఆయన ఒక పొడుగాటి పైపు తెచ్చి, ఫిల్టర్ నీళ్లు నేరుగా బాత్రూం డ్రమ్ములో పడేలా బిగించారు. మోత తన నడుముకు వచ్చాకే పైపు గుర్తొచ్చింది మరి! ఆ నీళ్లు గచ్చు తుడవడానికి, స్కూటీ కడగడానికి వాడుతున్నాం. ఉప్పు శాతం ఎక్కువ కాబట్టి మొక్కలకు రోజూ పోయడం లేదు.

గడువు పెట్టి మొదలుపెట్టండి: మా ఎరువు కుండల కథ

రెండేళ్ల కిందట జూన్ నెలాఖరులో మూడంచెల మట్టి కుండలు కొన్నాను, బాల్కనీలో ఎరువు చేద్దామని. ఆయనను అడగలేదు. అదే మొదటి తప్పు. వంటింటి తడి చెత్తంతా అందులో వేయడం రెండో తప్పు. మిగిలిన సాంబారు, పెరుగన్నం కూడా వేసేశాను. పైగా వానాకాలం. పది రోజులకు మూత తీస్తే లోపల తెల్లటి పురుగులు, బియ్యం గింజలు కదిలినట్టు కదులుతున్నాయి. రెండు పురుగులు కుండ గోడ ఎక్కి, అత్తగారు పొద్దున పేపరు చదువుకునే కుర్చీ దాకా వచ్చాయి. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా లోపలికి వచ్చి, "ఏందమ్మా ఇది, ఇంట్ల పురుగులను సాదుతున్నవా?" అన్నారు. మా ఆయన ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం అంటే విషయం సీరియస్ అని.

కుండలు పారేయకుండా ఆ రాత్రి బేరం కుదుర్చుకున్నాం. నలభై అయిదు రోజులు గడువు. హాల్లోకి వాసన వస్తే ఆ రోజే ఆపేయాలి, ఎదురు చెప్పకూడదు. కలిపే పని పూర్తిగా నాది. గడువుతో పాటు, ఓడిపోయినట్టు ఎలా తెలుస్తుందో కూడా ముందే అనుకోవడం చాలా ముఖ్యం. లేకపోతే ఒకరు "ఇంకొన్నాళ్లు చూద్దాం" అంటూనే ఉంటారు, ఇంకొకరు మనసులో పెట్టుకుంటూనే ఉంటారు.

కుదిరిన పద్ధతి ఇది. పచ్చి తొక్కలు, కాడలు, టీ పొడి మాత్రమే వెయ్యాలి. వండినవి, నూనె, పెరుగు వద్దు. తడి చెత్త ఎంత వేస్తే, ఎండుటాకులు గానీ కొబ్బరి పొట్టు గానీ దాదాపు అంత పైన కప్పాలి. ఎండుటాకులకు నేను డబ్బు పెట్టలేదు, కింద కానుగ చెట్టు రాల్చినవి వాచ్‌మన్ ఒక బస్తాలో నింపి పెడుతున్నాడు. మొదట్లో నాలుగు చెంచాల పుల్లటి మజ్జిగ చిలకరిస్తే త్వరగా కుళ్లుతుంది. మూడు రోజులకోసారి కర్రతో కలపాలి. పిడికిట్లో పట్టి పిండితే నీళ్లు కారకూడదు, కానీ చెయ్యి తడవాలి. నీళ్లు కారితే ఇంకో గుప్పెడు పొట్టు. పురుగులు కనబడినా భయపడక్కర్లేదు, తడి ఎక్కువైందని చెప్పడానికే అవి వస్తాయి.

మా ఆయన ఇందులో వేలు పెట్టనని అన్నారు గానీ, వంటింటి త్రాసు తెచ్చి రోజూ తొక్కలు తూయడం మొదలుపెట్టారు. రోజుకు దాదాపు ఏడొందల గ్రాములు. గడువు ముగిసేసరికి ముప్పై ఒక్క కిలోలు. "ముప్పై కిలోలు జవహర్‌నగర్ చెత్తగుట్టకు పోకుండా ఆపాం" అని లిఫ్టులో కనబడిన వాళ్లందరికీ ఆయనే చెప్పారు. 'ఆపాం' అన్నప్పుడు నేను నోరు మెదపలేదు. ఆయనకు పురుగుల గురించి చెబితే ఎక్కదు, అంకెలు చెబితే ఎక్కుతుంది. మీ ఇంట్లో ఎవరికి ఏది ఎక్కుతుందో కనిపెట్టండి.

వాదన మీటరుకు వదిలేయండి

ఏసీ విషయంలో ఆయనకు 22, నాకు 27. కరెంటు పట్టింపున్న మనిషికి 22 ఏమిటని మీరు అడగొచ్చు, నేనూ అడిగాను. "పగలంతా పొదుపు చేసేది రాత్రి పడుకోవడానికే" అన్నారు. స్టార్ గుర్తున్న ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నియమం ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. ఈ మాట నేను చెబితే ఆయన నమ్మలేదు. కాబట్టి మూడు రాత్రులు 22లో, మూడు రాత్రులు 26లో పెట్టి, పక్కన ఫ్యాను చిన్నగా తిప్పి, పడుకునే ముందు, లేచాక మెట్ల కింద మీటరు రాసుకున్నాం. ఫ్రిజ్‌తో కలిపి రాత్రికి 22లో 7.4 యూనిట్లు, 26లో 5.6. ఏడో రాత్రి నుంచి ఆయనే 26 పెట్టారు. 27 అని నేనూ పట్టుబట్టలేదు.

ఇలాగే నా వైపు తప్పూ మీటరు దగ్గరే బయటపడింది. డిసెంబరులో గీజర్ వేసి వదిలేసి, పూజ గదిలో దీపం పెట్టి, పాలు పొంగించి, తీరిగ్గా స్నానానికి వెళ్లేదాన్ని. రెండు కిలోవాట్ల గీజర్ పావుగంట వేడెక్కితే అర యూనిట్. నేనెప్పుడూ పావుగంటలో వెళ్లింది లేదు. చల్లారితే మళ్లీ వేడెక్కుతూనే ఉంటుంది.

నీళ్ల విషయంలో మా ఇద్దరి పట్టింపులూ ఒకచోట కలిశాయి. నగరానికి వచ్చే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా ఎత్తిపోసుకుంటూ తెచ్చేవి. అంటే కుళాయిలో కారేది కరెంటే. ఈ ముక్క తెలిశాక ప్యాకెట్ కడగడానికి కుళాయి తిప్పడం మానేశాను. బియ్యం కడిగిన నీళ్లలో ముంచి తీస్తున్నాను, అవి ఆ తర్వాత తులసికోటకు పోతాయి. పాల ప్యాకెట్ తగువు అలా తీరింది.

కొనడం దగ్గర కాస్త ఆగండి

పర్యావరణం పేరు చెప్పి ఎక్కువ ఖర్చు పెట్టించేది మన ఉత్సాహమే. ఒకరోజు సజ్జ సర్దుతుంటే నావి ఇరవై మూడు గుడ్డసంచులు తేలాయి. నవ్వబోయిన ఆయనకు, బంధువులు వస్తేనే వాడే గదిలో కూడా ఆయన మార్పించిన బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటుతో తిరిగే రకం, చూపించాను. పాత ఫ్యాను డెబ్బై అయిదు వాట్లు, ఇది ముప్పై లోపు. రోజుకు పన్నెండు గంటలు తిరిగే హాల్లో అయితే నెలకు పదహారు, పదిహేడు యూనిట్లు మిగులుతాయి, పెట్టిన డబ్బు రెండు మూడేళ్లలో తిరిగొస్తుంది. నెలకు నాలుగు రోజులు తిరిగే ఫ్యానుకు అది ఈ జన్మలో జరగదు. అందుకని ఇంట్లో ఉన్నది పాడయ్యేదాకా, లేదా ఇద్దరూ సరే అనేదాకా, 'ఎకో' అన్న మాట ఉన్న వస్తువేదీ కొనడం లేదు.

కర్రీ పాయింట్ సంగతి చెప్పాలి. స్టీలు టిఫిన్ క్యారియర్ తీసుకెళ్తే, ఆ అబ్బాయి ముందే కట్టి పెట్టిన సాంబారు కవరు దారం విప్పి, నా గిన్నెలో పోసి, కవరు బుట్టలో పడేశాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఇప్పుడు ఆరున్నర లోపే వెళ్తున్నాను, అప్పటికి కవర్లు కట్టడం మొదలవదు. ఆఫీసు నుంచి ఆయన వచ్చేది ఎనిమిదింటికి కాబట్టి ఈ పని ఆయనకు అప్పజెప్పలేను, అప్పజెప్పి కోప్పడనూ లేను.

ఒక్కొక్కరికి ఒక మినహాయింపు ఉంచుకున్నాం. ఆయనకు ఆదివారం బిర్యానీ పార్సిల్, దాని వెంట వచ్చే డబ్బాలు, రైతా కప్పులు, అన్నీ. నాకు తలస్నానం రోజున ఎంత వేడినీళ్లయినా. వీటి మీద వ్యాఖ్యానం నిషిద్ధం. నేను చెత్తడబ్బాలోకి తొంగి చూడటం మానేశాను, ఆయన నా వెనకే వచ్చి లైట్లు ఆర్పడం మానేశారు. చుట్టాల ముందు ఒకరి పొరపాటు ఇంకొకరు ఎత్తకూడదు, ఇది మాత్రం రాసి పెట్టుకున్నాం.

ఇంకా తేలనిది వాటర్ ఫిల్టర్ గొడవ. లీటరు మంచినీళ్లకు మా ఫిల్టర్ రెండున్నర లీటర్లు బయటికి వదులుతోంది. తాగే నీళ్లలో టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే సరిపోతుందని మన దేశ ప్రమాణం, కాబట్టి అది తీసేసి మామూలు ఫిల్టర్ పెడదామని నేను. మా అపార్ట్‌మెంట్ సంపులో కృష్ణా నీళ్లు, బోరు నీళ్లు కలుస్తాయి, ఏ రోజు ఎంతో తెలీదని ఆయన. అందుకే ముప్పై రోజుల గడువు పెట్టుకుని, చిన్న మీటరుతో రోజూ కొలిచి ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో రాస్తున్నారు. మొన్న 740, నిన్న 310. మా అత్తగారు మాత్రం ఆ కాగితం వైపు కూడా చూడకుండా, నీళ్లు కాచి రాగి బిందెలో పోసుకుని తాగుతున్నారు.