అప్పు చరిత్ర లేనివారు క్రెడిట్ స్కోరు ఏర్పరచుకోవడం ఎలా?

కావలి ప్రాంతంలో రొయ్యల సాగు చేసే రైతు మేత దుకాణంలో ఏళ్ల తరబడి అరువు తెచ్చి, చెరువులో రొయ్యలు పట్టగానే పైసాతో సహా తీర్చినా, ఆ నమ్మకం దుకాణదారుడి ఖాతా పుస్తకం దాటి, మన అప్పుల చెల్లింపు చరిత్రను నమోదు చేసే సిబిల్ సంస్థ నివేదికకు చేరదు. చేబదుళ్లు, ప్రామిసరీ నోట్లూ అంతే. బ్యాంకు చూసేది ఆ నివేదిక ఆధారంగా వచ్చే, 300 నుంచి 900 మధ్య ఉండే క్రెడిట్ స్కోరును. ఎన్నడూ రుణం తీసుకోనివారికి అది ఉండదు, అంతమాత్రాన అది చెడ్డ స్కోరు కాదు.

నా దృష్టిలో అన్నిటికంటే సురక్షితమైన ఆరంభం, ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీపై ఇచ్చే క్రెడిట్ కార్డు. పరిమితి 20,000 రూపాయలైతే పెట్రోలుకు, కరెంటు బిల్లుకు మాత్రమే వాడుతూ ఖర్చును 6,000 (పరిమితిలో 30 శాతం) దాటనివ్వకుండా, గడువులోగా బిల్లు మొత్తం చెల్లించాలి. బిల్లుపై కనిపించే ‘మినిమమ్ డ్యూ’ (కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడితే ఆలస్యమైనట్లు నమోదు కాకపోయినా, మిగిలిన బాకీపై వడ్డీ భారీగా పడుతుంది. పొదుపు ఖాతా నుంచి ఆటో డెబిట్ పెట్టుకోవడం మేలు.

ఒకేసారి నాలుగైదు బ్యాంకులకు దరఖాస్తు చేయకండి. బంధువుల రుణానికి హామీ సంతకం చేస్తే, అది మీ నివేదికలోనూ కనిపిస్తుందని మరవకండి. మొహమాటానికి పోయి చిక్కుల్లో పడేది ఇక్కడే.

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే రుణ సమాచార సంస్థలు ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. అందులో తప్పుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన.